చిన్న పట్టణమునకు ఒకే సభామందిరము

చిన్న పట్టణములో మాటకొకటి, పాటకొకటిగా మందిరములు కట్టించుటకు ధనముండదు. ఒకే మందిరములో నేడు ఉపన్యాసము, రేపు నాటకము, ఎల్లుండి పాటకచేరి జరుగవలెను. ఇన్నింటికి ఒకే కట్టడము ఎట్లు సరిపోవును? సమాధానము ధ్వనిశాస్త్రములో ఉన్నది.

పలికిన మాట ఆగిన పిమ్మటకూడ గోడలు, పైకప్పు, నేలలపై మరల మరల పరావర్తనము చెందుచు కొంతసేపు వినబడును. ఇదే ప్రతినాదము. ధ్వని తీవ్రత పదిలక్షలవ వంతుకు తగ్గుటకు పట్టు కాలమును ప్రతినాదకాలమందురు.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున, ఫాగ్ కళాప్రదర్శనశాలలోని ఉపన్యాసమందిరములో మాటలు అర్థము కాకుండెను. దానిని సరిచేయు పనిని వాలెస్ సెబైన్ అను భౌతికశాస్త్ర అధ్యాపకునికి అప్పగించిరి. అచట ప్రతినాదకాలము సుమారు 5½ సెకండ్లు. ఒక మాట అణగకమునుపే పది మాటలు దానిపై వచ్చి పడుచుండెను. సెబైన్ శాండర్స్ నాటకశాలనుండి ఆసనముల మెత్తలు తెప్పించి, రాత్రివేళల వాటిని కొన్ని కొన్నిగా పరచుచు, ఆర్గన్ గొట్టమును మ్రోగించి కాలమును కొలిచెను. మెత్తలు పెరిగినకొలది ప్రతినాదము తగ్గెను. ఆయన పరిశోధనల ఫలితమే ఈ సూత్రము:

ప్రతినాదకాలము = 0.16 × ఘనపరిమాణము ÷ మొత్తము శోషణము

20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తుగల మందిరమును తీసికొందము. ఘనపరిమాణము 1440 ఘనమీటర్లు. లోపలి తలముల వైశాల్యము 864 చదరపు మీటర్లు. నున్నని పూత తనపై పడిన ధ్వనిలో నూటికి 3 పాళ్లే శోషించుననుకొనిన, మొత్తము శోషణము 26. ప్రతినాదకాలము దాదాపు 9 సెకండ్లు! ఒక్కొక్క శ్రోతవలన 0.4 చొప్పున, 300 మంది చేరిన శోషణము 146 అగును, కాలము 1.6 సెకండ్లకు దిగును. ఇది సంగీతమునకు హితము. ఉపన్యాసమునకు 1 సెకండు చాలును. ప్రక్కగోడల వెంట 140 చదరపు మీటర్ల దళసరి తెరలను ముడుతలతో వ్రేలాడదీసి, వాటి శోషణము చదరపు మీటరుకు 0.6 అనుకొనిన, ఆ ఒక్క సెకండు లభించును. కచేరినాడు తెరలను ఒక మూలకు లాగిన చాలును.

నూరుమందియే వచ్చినచో? కాలము 3½ సెకండ్లకు పెరుగును. అందుచేత కుర్చీలకు మెత్తలుండుట మేలు. రాని శ్రోతకు బదులుగా ఆ మెత్తయే ధ్వనిని శోషించును. మైకు పెట్టినంతమాత్రమున దోషము పోదు. మాటతోబాటు ప్రతినాదమును పెరుగును.

వెనుకగోడను తాకి వేదికకు మరలు ధ్వనికి దాదాపు 40 మీటర్ల దారి; 0.1 సెకండుకు మించి పట్టును. అది వేరుగా, ప్రతిధ్వనిగా వినబడును. కావున ఆ గోడకు ధ్వనిని శోషించు పొర అవసరము. వేదికపైని కప్పు మాత్రము గట్టిగా, నున్నగా ఉండి, మాటను చివరి వరుసకు పంపవలెను.

మీ పాఠశాల మందిరము ఖాళీగా ఉన్నపుడొకసారి, విద్యార్థులతో నిండినపుడొకసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినుడు. సెబైన్ సూత్రము చెవికే తెలియును. కట్టిన పిదప గోడలు మార్చుట కష్టము. కట్టకమునుపు ఈ లెక్క వేయుటకు కాగితము, కలము చాలును.