పుల్ల ఆరిపోతే ఏ వాయువు?

సైన్స్ ప్రాక్టికల్స్‌లో మన పిల్లలు మార్కులు పోగొట్టుకునే చోటు ఇది. మండుతున్న పుల్ల పరీక్షనాళికలో ఆరిపోగానే కార్బన్ డయాక్సైడ్ అని రాసేస్తారు. నైట్రోజన్‌లోనూ పుల్ల ఆరిపోతుంది. తేల్చి చెప్పేది సున్నపుతేట. కార్బన్ డయాక్సైడ్ పంపితే అది పాలలా తెల్లబడుతుంది, ఇంకా పంపితే మళ్ళీ తేటపడుతుంది. నైట్రోజన్‌తో ఏ మార్పూ ఉండదు.

మిగతావి సులువే. నిప్పు మాత్రమే మిగిలిన పుల్ల మళ్ళీ భగ్గుమంటే ఆక్సిజన్. మంట దగ్గర 'టప్'మంటే హైడ్రోజన్. ఘాటుగా ఉండి, తడిపిన ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారిస్తే అమ్మోనియా.

ఇంట్లో పెద్దలు ప్రాణవాయువు, ఉదజని, బొగ్గుపులుసు వాయువు అంటే తికమకపడవద్దు. అవి ఆక్సిజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లకు తెలుగు పేర్లే.

ఏ వాయువునూ నేరుగా పీల్చకండి. నాళికను దూరంగా పట్టుకుని, చేత్తో కొద్దిగా విసురుకుని వాసన చూడండి.