పిల్లర్ బలం రింగు కొక్కెంలో

2001 జనవరి 26 ఉదయం గుజరాత్‌లోని భుజ్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. అక్కడికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లోనూ అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. కూలినవాటిలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగ్, పైన గదులు. మన ఊళ్లలో లేస్తున్న అపార్ట్‌మెంట్లదీ ఎక్కువగా ఇదే తీరు.

పార్కింగ్ పెట్టడం తప్పు కాదు, దాని లెక్క వేరు. పై అంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలు బిగిసి ఉంటాయి కనుక అవి అంతగా కదలవు. కింద ఆ ఆసరా లేదు. భూమి ఊగితే ఆ ఊపంతా కింది పిల్లర్లే భరించాలి. అందుకే పునాది నుంచి పై దాకా కొన్ని కాంక్రీటు గోడలు వేయమంటారు ఇంజినీర్లు. అవీ ఒక మూలనే ఉంటే భవనం మెలి తిరుగుతుంది. భవనం పొడవునా, వెడల్పునా, రెండు దిక్కుల్లోనూ సమంగా ఉండాలి.

ఇక పిల్లర్ లోపలి సంగతి. నిలువు రాడ్లను చుట్టి కట్టే రింగులను చాలామంది రాడ్లు చెదరకుండా పట్టుకునేవనే అనుకుంటారు. వాటి అసలు పని భూకంపంలో తెలుస్తుంది. ఊపుకి మొదట పిల్లర్ పైపొర పెచ్చులుగా రాలుతుంది. రింగు కొసల్ని లంబకోణంలో వంచి వదిలేసి ఉంటే అవి అప్పుడు విచ్చుకుంటాయి. కట్టు ఊడిన కట్టెల మోపులా రాడ్లు బయటికి ఉబ్బుతాయి, మధ్యలో కాంక్రీటు నుజ్జవుతుంది. కొసల్ని 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దిగేలా పెడితే పైపొర పోయినా కట్టు ఊడదు. భూకంప నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 13920 చెప్పేది ఇదే. పిల్లర్ పైకొసన, కింది కొసన రింగుల మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు మించకూడదని కూడా అంటుంది. వంపు సరిగా తిప్పితే అదనంగా అయ్యేది కొద్దిపాటి ఇనుము, కొంత ఓపిక.

అదే ప్రమాణం బీమ్ కంటే పిల్లర్ బలంగా ఉండాలంటుంది. బీమ్ వంగి పగిలినా జనం బయటపడే వ్యవధి ఉంటుంది. పిల్లర్ పోతే పై అంతస్తులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. గోడ మందంలో కలిసిపోవాలని పిల్లర్‌ను 9 అంగుళాలకు కుదించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

భూకంపం రాకున్నా పిల్లర్‌ను తినేసేది తుప్పు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరాల్లో ఉప్పుగాలికి ఇది మరీ త్వరగా జరుగుతుంది. పిల్లర్లలో ఇనుము మీద కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. కలపడం సులువని కాంక్రీటు మాల్‌లో నీళ్లు ఎక్కువ పోసినా, నీళ్లు పట్టడం రెండు మూడు రోజులకే ఆపేసినా ఆ పొర గుల్లబారి తేమను లోపలికి పంపుతుంది.

మనకు భూకంపాలు రావన్న ధీమా వద్దు. 1969లో భద్రాచలం ప్రాంతంలో, 2024 డిసెంబరు 4న ములుగులో భూమి కంపించింది. ఇల్లు కట్టిస్తున్నవాళ్లు పిల్లర్ బాక్సు బిగించేలోపు ఇంజినీరును వెంటబెట్టుకుని రింగుల వంపు, వాటి ఎడం, ఇనుము మీద ఆ పొర మందం నిలిపే కవర్ బ్లాకులు చూసుకోండి. కాంక్రీటు పోశాక అడిగి లాభం లేదు.