పలక మీద ఆ మెట్టు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: చిన్న మిల్లింగ్ మెషిన్ కొని ఇంట్లో బల్ల మీద పెట్టుకున్నాను. అల్యూమినియం పలకను చదును చేస్తుంటే ఒక వరసకీ పక్క వరసకీ మధ్య గోరుకు తగిలే మెట్టు వస్తోంది. స్టీలు అయితే మెషిన్ అంతా అదిరి కీచుమంటోంది. ఎందుకు? ఎలా బాగుచేసుకోవాలి?

మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. మెట్టు రావడానికి కారణం వాలు. స్పిండిల్ టేబుల్‌కి నిలువుగా లేకుండా ఒక పక్కకి ఒరిగితే కట్టర్ ఒక అంచు కిందికి దిగుతుంది, రెండో అంచు పైకి లేస్తుంది. 150 మి.మీ. మేర 0.06 తేడా ఉందనుకోండి, 50 మి.మీ. కట్టర్ దగ్గర అది 0.02 అవుతుంది. మీ గోరుకు తగులుతున్నది అదే. కీచుమనడానికి కారణం ఊగు. టేబుల్, బేస్, కాలమ్, హెడ్ కలిపి చూస్తే మెషిన్ ఒక కొక్కెంలా ఉంటుంది. కట్టర్ జాబ్‌ని కొరికినప్పుడల్లా ఆ కొక్కెం కాస్త తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. 1938లో అమెరికాలో మొదలైన బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లు దాదాపు టన్ను బరువుంటుంది. మన బల్ల మీది మెషిన్ 50, 60 కిలోలే. ఆ తక్కువైన ఇనుమే ఊగుగా బయటపడుతుంది.

చాలామంది ముందు వాలు సరిచేయడానికి కూర్చుంటారు. నేనూ అలాగే మూడు ఆదివారాలు కూర్చున్నాను. సరిచేసినది వారం తిరక్కుండా మళ్లీ తప్పేది. ఊగే మెషిన్‌కి కొలత నిలవదు. అందుకే బిగింపు ముందు, అమరిక తర్వాత.

ముందు ఒక పరీక్ష చేయండి. డయల్ గేజ్ స్టాండ్‌ని టేబుల్ మీద నిలిపి, దాని మొనను స్పిండిల్ మూతికి ఆనించండి. హెడ్‌ని అరచేత్తో వెనక్కి గట్టిగా నొక్కి వదలండి. ముల్లు ఎంత కదిలిందన్నదాని కంటే, వదిలాక సున్నాకి తిరిగొచ్చిందా లేదా అన్నది జాగ్రత్తగా చూడండి. తిరిగొస్తే ఇనుము వంగుతోందని అర్థం. రాకపోతే ఎక్కడో వదులుంది, ఏదో జారుతోంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

వదులు ఎక్కువగా జిబ్‌లలోనే, అంటే జారే భాగాల మధ్య సందు సరిచేసే పట్టీల్లోనే ఉంటుంది. జిబ్ పట్టీని బయటికి తీసి చూస్తే మిషనింగ్ గీతలు గరుకుగా కనిపిస్తాయి. మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి నునుపుగా రుద్దండి. తిరిగి బిగించేటప్పుడు టేబుల్ పట్టేసేదాకా స్క్రూ తిప్పి, ఒక్క పిసరు వెనక్కి వదలండి. స్క్రూ మీది లాక్ నట్టు బిగిస్తున్నంతసేపూ అలెన్ కీతో స్క్రూని పట్టుకునే ఉండాలి, లేకపోతే నట్టుతో పాటు అదీ తిరిగిపోతుంది. పని చేసేటప్పుడు కదలక్కరలేని వైపులన్నీ లాక్ చేయండి. పైసా ఖర్చు లేకుండా వచ్చే బలం ఇది.

వంపుకి మందు మందమే. రేకు మందం రెండింతలైతే వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలవుతుంది. ఒకే పెద్ద నట్టు మీద నిలబడే కాలమ్ అయితే, వెనక 20 మి.మీ. స్టీలు పలక పెట్టి బేస్‌కీ కాలమ్‌కీ కలిపి బోల్టులు వేయండి. ఆనే చోట పెయింటు గీకేసి, బర్రులు ఆయిల్‌స్టోన్‌తో తీసేయాలి. పెయింటు మీద బిగించిన పలక మూడు చోట్లే ఆనుతుంది. కాలమ్ బోలులో ఎపాక్సీ, రాతిపొడి కలిపి పోయడం గురించి చాలామంది అడుగుతుంటారు. అది అదురుని మింగుతుంది, నాకూ నచ్చిన పనే. కానీ వంగడంలో స్టీలుకున్న గట్టితనంలో దానికి ఐదో వంతు కూడా ఉండదు. పలకకి బదులుగా దాన్ని నమ్ముకోకండి.

బల్ల కూడా మెషిన్‌లో భాగమే. బేస్ బోల్టులు ఒక్కొక్కటే బిగిస్తూ డయల్ చూడండి. ముల్లు కదిలితే ఎత్తుపల్లాల బల్ల బేస్‌ని మెలిపెడుతోందన్నమాట. ఆ కాలి కింద షిమ్, అంటే పలుచని రేకు ముక్క పెట్టాలి.

ఇక అమరిక. ఇందులోనూ కాలమ్ ముందు, హెడ్ తర్వాత. హెడ్‌లోని తప్పుని కాలమ్ వంచి కప్పిపుచ్చితే స్పిండిల్ నిలువుగానే కనిపిస్తుంది, హెడ్ మాత్రం ఏటవాలుగా దిగుతుంది. పైన గుర్తుపెట్టిన చోట కాకుండా పక్కన రంధ్రం పడుతుంది. టేబుల్ మీద మంచి మూలమట్టం నిలబెట్టి, స్పిండిల్‌లో డయల్ పట్టించి, హెడ్‌ని 100 మి.మీ. కిందికి దించండి. ముందువెనకలూ, పక్కలూ రెండూ చూడండి. 0.04 తేడా వచ్చి, కాలమ్ బోల్టుల మధ్య దూరం 120 మి.మీ. అయితే, కావలసిన షిమ్ దాదాపు 0.05. ఫీలర్ గేజ్‌లో ఆ ఆకు ఉంటుంది, కత్తిరించి వాడుకోవచ్చు.

హెడ్ కోసం డయల్‌ని టేబుల్ మీద గుండ్రంగా తిప్పాలి. టీ-స్లాట్‌లలో మొన పడిపోతుంటే, పాత పెద్ద బాల్ బేరింగ్ బయటి రింగుని టేబుల్ మీద పెట్టి దాని మీద తిప్పండి. రింగు రెండు ముఖాలూ మైక్రాన్లలో సమాంతరంగా ఉంటాయి. 150 మి.మీ. మీద 0.02 లోపు వస్తే ఇంటి పనికి చాలు. బోల్టు బిగించాక ముల్లు మళ్లీ జరుగుతుంది, అందుకే ప్రతి బిగింపు తర్వాతా కొలవండి. పూటంతా పట్టినా కంగారుపడకండి.

చివరగా అల్యూమినియం పలక మీద రెండు వరసలు వేసి వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. కట్టర్ వదిలిన వంకర గీతలు ఒకే వైపు ఉంటే, నడిచే దిశలో ఇంకా వాలుంది. ముందు అంచు గీతలూ వెనక అంచు గీతలూ చాప అల్లికలా ఒకదాన్నొకటి దాటుతూ, రెండు వరసల మధ్య గోరు ఆగకుండా జారిపోతే, ఇక స్టీలు ముక్క వైస్‌లో పెట్టండి.