సీడీ రైటరు: అడిగినదానికే బదులు చెప్పు యంత్రము

కంప్యూటరునకు కన్నులు లేవు. తన పెట్టెలో బిగించిన పరికరమేదియో అది చూచి తెలిసికొనజాలదు, అడిగి తెలిసికొనును. మీట నొక్కినంతనే తీగల వెంట ఒక ప్రశ్న పోవును, ఆవలి నుండి ఒక ప్రత్యుత్తరము వచ్చును, ఆ ప్రత్యుత్తరమును తనకు తెలిసిన మేరకు గ్రహించి ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పరికరమునకొక పేరును, ఒక బొమ్మను తెరపై కల్పించును. ఈ సంభాషణలో ఎచ్చట పొరపాటు దొరలినను, సీడీలను వ్రాయగల రైటరు చదువుట తప్ప మరేమియు రాని డ్రైవుగా కనబడును. ఒక్కొక్కప్పుడు బొత్తిగా కనబడకయే పోవును. విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీల కాలమున కంప్యూటరు వాడినవారిలో ఈ చిక్కు నెరుగనివారు అరుదు. తప్పు ఆ యంత్రముదా, దానిని ప్రశ్నించినవారిదా అను విచారణకు పూనుకొనుటకు ముందు, దాని పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను.

సీడీ తొలుత సంగీతము కొరకై పుట్టినది. నెదర్లాండ్సు దేశపు ఫిలిప్స్, జపాను దేశపు సోనీ సంస్థలు కలసి 1980లో దాని ప్రమాణములను నిర్ణయించగా, 1982 అక్టోబరులో జపాను విపణిలోనికి తొలి ప్లేయరు వచ్చెను. 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల పాలీకార్బొనేటు బిళ్ల అది; లోపలి అంచున మొదలై వెలుపలికి చుట్లు చుట్లుగా సాగిపోవు సూక్ష్మమైన గుంటల బారు దానిలోని లిపి. ఒక చుట్టునకును మరియొక చుట్టునకును నడుమ ఎడము 1.6 మైక్రాన్లు. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల లేజరు కిరణము ఆ బాటపై పడి, మరలి వచ్చు కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి దానిని చదువును. ధర్మవరపు పట్టుచీరల అంచులను నేయు జకార్డు మగ్గముపై వ్రేలాడు అట్టలను చూచినవారికి ఈ పద్ధతి వింత గొల్పదు: అట్టలో రంధ్రమున్న చోట పోగు లేచును, లేని చోట లేవదు. సీడీలోని సూక్ష్మ మొక్కటే వేరు. గుంట మొదలగు చోటు, ముగియు చోటు 'ఒకటి'గా లెక్కకు వచ్చును. నడుమ మార్పు లేని భాగమంతయు సున్నలే.

ఈ గుంటలు కర్మాగారములో అచ్చుతో ఒత్తబడునవి గావున, కొనినవానికి చదువుకొను హక్కే గాని వ్రాయు హక్కు లేకుండెను. పాటల బిళ్లకు పిమ్మట దాదాపు 650 మెగాబైట్ల సమాచారమును మోయగల సీడీ-రామ్ వచ్చినను ఈ స్థితి మారలేదు. సీడీ డ్రైవనగా చదువు యంత్రమేయన్న భావము ఆనాటి ఆపరేటింగ్ సిస్టములలో నాటుకొనిపోయెను. తరువాతి చిక్కులకు బీజము ఇదియే.

1988లో జపానులోని తైయో యూడెన్ సంస్థవారు వ్రాయదగిన సీడీని రూపొందించిరి. 1990లో దానికి ప్రమాణ గ్రంథము ఏర్పడెను. ఇందు గుంటలు ఒత్తు పని లేదు. పారదర్శకమైన బిళ్లకును, వెనుకనున్న లోహపు పూతకును నడుమ పలుచని రంగు పూత యుండును. చదువునప్పటి కంటె అనేక రెట్లు తీవ్రమైన లేజరు తాకిన చోట ఆ రంగు వేడికి మారి, కాంతిని తిప్పి పంపు శక్తిని కోల్పోవును. చదువు కిరణమునకు ఆ మచ్చ గుంటవలెనే తోచును. ఖాళీ సీడీయని మనము కొని తెచ్చుకొనునది నిజమునకు ఖాళీ కాదు. లేజరు దారి తప్పకుండ దానిలో ముందుగనే ఒక గాడి తీయబడి యుండును. ఆ గాడి అతి స్వల్పముగా అటునిటు ఊగుచు సాగును. ఆ ఊపులోనే బిళ్లపై తానెచ్చటనున్నదో రైటరు తెలిసికొను గురుతులు ఇమిడియుండును. 1997లో చెరిపి మరల వ్రాయదగిన బిళ్లలు వచ్చెను. వ్రాయుచుండగా కంప్యూటరు సమాచారము నందించుటలో క్షణము జాగు చేసినను బిళ్ల పాడగు దోషమునకు 2000 సంవత్సరమున సాన్యో సంస్థవారు విరుగుడు కనిపెట్టిరి. నాటినుండి రైటరు ఆగిన చోటు గుర్తుంచుకొని, అక్కడినుండియే మరల అందుకొన నేర్చెను.

ధర తగ్గిన కొలదియు ఈ యంత్రము పల్లెపట్టులకు దిగివచ్చెను. హిందూపురము, ధర్మవరము, కదిరి వంటి పట్టణములలోనే గాక మండల కేంద్రములలోని ఫోటో స్టూడియోలలో సైతము పెండ్లి వీడియోలు క్యాసెట్లను విడిచి సీడీల కెక్కెను. ఒక వీడియో సీడీలో పట్టునది గంటకు పైచిలుకు చిత్రము మాత్రమే గనుక, తలంబ్రాలు ఒక బిళ్లలోను, అప్పగింతలు మరియొక బిళ్లలోను ఉండుట మనమెరిగినదే.

ఇక కంప్యూటరు అడుగు ప్రశ్నల సంగతి. తొలి ప్రశ్నకు డ్రైవు ఇచ్చు బదులులో తయారీదారు పేరునకు 8 అక్షరములు, నమూనా పేరునకు 16, లోపలి ప్రోగ్రాము సంచికకు 4 అక్షరముల చోటు కలదు. వానికి ముందు ఆ పరికరము ఏ జాతిదో తెల్పు అంకె యొకటి యుండును. సీడీ జాతికి ఆ అంకె 5. చదువు డ్రైవునకును 5, వ్రాయు డ్రైవునకును 5, డీవీడీ రైటరునకును 5. తొలి ప్రశ్నతోనే తృప్తిపడు సిస్టమునకు ఈ మువ్వురును ఒకటే. నీకు ఏయే బిళ్లలపై వ్రాయుట వచ్చునని రెండవ ప్రశ్న వేయవలెను. అప్పుడు మాత్రమే డ్రైవు తన విద్యల పట్టికను విప్పును. ఆ పట్టికలో 8 అనగా సీడీ-రామ్, 9 అనగా ఒకమారు వ్రాయు సీడీ, 10 అనగా తిరిగి వ్రాయు సీడీ, 17 అనగా వ్రాయు డీవీడీ. ప్రశ్న తెలియనివానికి పట్టిక దొరకదు. పట్టిక దొరికినను, అందలి కొత్త అంకె లెరుగనివానికి అది అక్కరకు రాదు.

విండోస్ 98కు సీడీ వ్రాయు విద్య స్వతస్సిద్ధముగా లేదు. ఆ పనిని ప్రత్యేకమైన ప్రోగ్రాములే చేయవలసి యుండెను. 2001లో వచ్చిన ఎక్స్‌పీ సీడీలను తానే వ్రాయనేర్చినది గాని డీవీడీలను వ్రాయుట నేర్వలేదు. ఆ నేర్పు 2007 నాటి విస్టాతో వచ్చినది. కనుకనే ఎక్స్‌పీలో డీవీడీ రైటరును బిగించినవారికి తెరపై సీడీ డ్రైవనియో, డీవీడీ-ర్యామ్ డ్రైవనియో పేరు కనబడి దిగులు గొల్పెడిది. ఇది రోగము కాదు. తగిన ప్రోగ్రామును వేసికొన్నచో అదే డ్రైవు డీవీడీలను చక్కగా వ్రాసిపెట్టెడిది.

నిజమైన రోగము వేరొక రీతిగా నుండును. ఓబులదేవరచెరువులోని ఒక ఫోటో స్టూడియోలో దానిని నేను చూచితిని. "నిన్న సాయంత్రం దాకా బాగా రాసింది సార్, ఈ పొద్దు డ్రైవే లేదంటాంది. కొత్తది తెప్పించమంటారా?" అని యజమాని అడిగెను. "తొందరపడొద్దన్నా, ముందు దాన్నే అడిగి చూద్దాం" అంటిని. కంప్యూటరును మరల ప్రారంభించితిమి. విండోస్ ఇంకను మేల్కొనకమునుపే, నల్లని తెరపై, డ్రైవు పేరు అక్షరము తప్పకుండ పలికినది. అనగా డ్రైవు బ్రతికియున్నది, తీగ బాగున్నది, మొదటి ప్రశ్నకు బదులు అందినది. విండోస్ తెరచి డివైస్ మేనేజరులో చూడగా అచ్చటను పేరు సరిగానే యున్నది. కాని దాని ప్రక్క పసుపుపచ్చని గురుతును, లోపల 39 అను దోషసంఖ్యయు కనబడెను. పరికరమును నడపవలసిన డ్రైవరు ప్రోగ్రామును ఎక్కించుకొనలేకపోతినని దాని భావము.

ముందురోజు ఏమి చేసితిరని అడుగగా, సీడీలు వ్రాయు పాత ప్రోగ్రామును తీసివేసి కొత్తది వేయబోయితిమనిరి. కీలకము అక్కడ నున్నది. అట్టి ప్రోగ్రాములు విండోసునకును డ్రైవునకును నడుమ తమ మనుష్యుని ఒకనిని ద్వారపాలకునిగా నిలుపును. అతని పేరు విండోస్ రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అను రెండు పద్దుల క్రింద నమోదగును. ప్రోగ్రామును తొలగించినపుడు ఫైలు పోయినది గాని పద్దు పోలేదు. విండోస్ లేని ద్వారపాలకుని కొరకు వెదకి, దొరకక, తలుపునే తెరువక ఊరకుండెను. రిజిస్ట్రీలోని ఆ భాగమునకు ఒక నకలు తీసి దాచి, సీడీ డ్రైవుల తరగతి క్రిందనున్న ఆ రెండు పద్దులను మాత్రము చెరిపి, కంప్యూటరును తిరిగి ప్రారంభింపగా రైటరు యథాస్థానమున ప్రత్యక్షమయ్యెను. వ్రాయు ప్రోగ్రామును మరల వేసికొనవలసి వచ్చినది. అంతకు మించి పైసా ఖర్చు లేదు.

ప్రారంభపు నల్లని తెరపైననే పేరు చెడి కనబడినచో కథ మారును. ఆనాటి వెడల్పాటి కేబులులో సమాచారమును మోయు తీగలు 16. ఒక్కొక్క అక్షరమునకు 8 తీగల చొప్పున ఒక్కొక్క విడతకు రెండేసి అక్షరములు వచ్చును. ఒక తీగ తెగినను, ఒక పిన్ను వంగినను, పేరులో ఒకటి విడిచి ఒకటిగా అక్షరములు మారగలవు. ఇంగ్లీషు 'సి' అక్షరమునకు కంప్యూటరు లెక్కలో అంకె 67. రెండు విలువ గల తీగ మూగవోయినచో అది 65గా చేరి 'ఎ' యగును. 'సీడీ' అని డ్రైవు పలికినను తెరపై 'ఏడీ' అని పడును. ఇచ్చట రిజిస్ట్రీతో పని లేదు, కేబులు మార్చవలెను. ఒకే కేబులుపై రెండు పరికరములుండి రెండును తామే మాస్టరులమని జంపరులు పెట్టుకొన్నను ఒకటియో రెండో అదృశ్యమగును. పేరు సరిగా నుండి వేగము మాత్రము పడిపోయినచో, పలుమార్లు దోషములు తగులుటచేత ఎక్స్‌పీ తనంత తానే వేగవంతమైన డీఎంఏ పద్ధతిని విడిచి నిదానమైన పీఐఓ పద్ధతికి దిగినదేమోయని చూడవలెను.

కనుక విచారణ క్రమము స్పష్టమే: మొదట నల్లని తెర, పిదప కేబులు, జంపరు, ఆ పిదప డివైస్ మేనేజరు, చివరకు రిజిస్ట్రీ. వీలున్నచో డ్రైవును వేరొక కంప్యూటరునకు తగిలించి చూచుట అన్నిటికంటె నమ్మదగిన పరీక్ష. ఇవి యన్నియు ముగిసిన మీదటనే డ్రైవు చెడినదని తీర్పు చెప్పుట న్యాయము.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు ముగిసినది. నేటి లాప్‌టాపులలో పెక్కింటికి సీడీ డ్రైవే లేదు. ఎండకు, వేడికి సీడీలోని రంగు పూత క్రమముగా చెడుననియు, మన సీమలో ఆ రెండింటికిని కొదువ లేదనియు మరువరాదు. పెండ్లి సీడీలు బీరువాలో నుంచుకొన్నవారు, పాత రైటరును అటకపై పడవేసినవారు, ఆ రెండింటిని ఇప్పుడే ఒకచోట చేర్చి, చదువ వీలైన ప్రతి బిళ్లను హార్డ్ డిస్కునకు ఎక్కించి, వేరొక చోట మరియొక నకలు దాచుకొందురు గాక.