మీకు తెలుసా? మందు పడితేనే విడే రహస్యం

వేసవిలో ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళ్తే తునికాకు కట్టలు కట్టే చేతులు కనిపిస్తాయి. ఇలాంటి పనిలో వేలి గీతలు అరిగితే వేలిముద్ర చూసే మెషిన్ మనిషిని గుర్తుపట్టకపోవచ్చు; వేలే తాళంచెవి అయితే వచ్చే చిక్కు ఇది. మరి సూక్ష్మజీవుల్లో రహస్యం దాచి, మందునే తాళంచెవి చేస్తే?

2011లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీలో డేవిడ్ వాల్ట్ బృందం అలాంటిదే చేసి చూపింది. వేర్వేరు రంగుల్లో మెరిసేలా జన్యువులు మార్చిన 7 రకాల ఈ.కోలై బ్యాక్టీరియాను చుక్కలుగా పేర్చారు. రెండేసి చుక్కలకు ఒక అక్షరం; 7×7, మొత్తం 49 గుర్తులు. చుక్కలను పలచని పొర మీదికి ఎత్తి పోస్టులో పంపవచ్చు. అందుకున్నవారు వాటిని యాంటీబయాటిక్ కలిపిన అగార్ జెల్లీ మీద పెంచాలి. యాంపిసిలిన్ వేస్తే అసలు కబురు కనిపిస్తుంది. కానమైసిన్ వేస్తే ‘తప్పు తాళం పెట్టావు’ అని వెక్కిరించే మరో వాక్యం!

ఈ పద్ధతికి పెట్టిన పొట్టి పేరు: స్పామ్.