హిమసీమలో విద్యార్థులు – గుల్మర్గ్ స్కీ విద్యను గూర్చి కొన్ని విషయాలు

మన తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో ఎన్నో పనులు జరుపుకొంటాము. పుష్యమాసపు వేకువన గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే, దారిని కప్పివేసే తెల్లని తెరా మంచే, హిమాలయ శిఖరాలపై పేరుకొన్నదీ మంచే. ఉర్దూలో వీటికి శబ్నమ్, కోహ్రా, బర్ఫ్ అని వేరువేరు పేర్లున్నవి. కాశ్మీరీలు ఆకాశం నుండి రాలే మెత్తని హిమాన్ని 'శీన్' అంటారు. కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని ఆ శీన్ మీద వాలు వెంబడి జారుటయే స్కీ క్రీడ. 2023 జనవరి చివరి వారంలో మేము ముగ్గురు తోబుట్టువులము మా తల్లిదండ్రులను వెంటబెట్టుకొని గుల్మర్గ్ వెళ్ళి నాలుగు దినములు ఈ విద్యను అభ్యసించాము. మా తండ్రిగారికి అప్పటికి 64 ఏళ్ళు, తల్లిగారికి 58. పిల్లలు పెద్దవారైన కుటుంబాలు ఇటువంటి ప్రయాణానికి పూనుకొనే ముందు తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నవి. వాటిలో కొన్నింటిని మేము పొరపాట్లు చేసి తెలుసుకొన్నాము.

గుల్మర్గ్ శ్రీనగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున, చుట్టూ దేవదారు జాతి వృక్షాలు గల పచ్చికమైదానం. ఇక్కడ 'మర్గ్' అంటే మన మార్గము కాదు, మైదానమని అర్థం. పూర్వం గౌరీమర్గ్ అని పిలువబడిన ఈ చోటికి 16వ శతాబ్దంలో కాశ్మీర ప్రభువు యూసుఫ్ షా చక్ పూలమైదానమనే అర్థం వచ్చే ప్రస్తుత నామం పెట్టాడని చెబుతారు. ఆంగ్లేయులు 1927లో ఇచ్చట స్కీ సంఘాన్ని నెలకొల్పారు. స్వాతంత్ర్యానంతరం 1968లో భారత ప్రభుత్వం స్కీ, పర్వతారోహణ శిక్షణ సంస్థను స్థాపించింది. తీగలపై నడిచే గండోలా మొదటి దశ 1998లోను, అఫర్వత్ పర్వతం పైదాకా పోయే రెండవ దశ 2005లోను ప్రారంభమైనవి. టంగ్‌మర్గ్ నుండి పైకి 13 కిలోమీటర్ల మెలికల దారి. హిమం కురిసిన రోజున చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టిన వాహనాలే ఆ దారిన పోగలవు.

స్కీ అనే పదానికి మూలం చీల్చిన కొయ్య అనే అర్థం గల ప్రాచీన నార్వే పదం. మంచు దేశాల వారికి మొదట ఇది క్రీడ కాదు, పొరుగూరికి పోయే సాధనం. మనిషి బరువంతా అరికాలిపై పడితే మెత్తని హిమంలో మోకాలి లోతున దిగబడతాడు. అదే బరువు నిలువెత్తు పలకపై పరచుకొంటే పైనే నిలుస్తాడు. ఇంతవరకు సులభంగానే బోధపడుతుంది. మరి జారుట ఎట్లు? ఒత్తిడికి హిమం కరిగి నీరగుటయే కారణమని చాలాకాలం చెప్పుకొనేవారు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి, ఒరిపిడి వల్ల పుట్టే వేడిమియే ప్రధాన కారణమని చూపారు. పలక కదులుతుండగా దాని అడుగున అతి పలుచని నీటిపొర ఏర్పడుతుంది. అందుచేతనే నిలిచి ఉన్న పలక కదలడానికి మొండికేస్తుంది, కదిలిన తరువాత ఆగమన్నా ఆగదు. భౌతికశాస్త్రం చదివిన మా చెల్లెలు ఈ సంగతిని తండ్రిగారికి నిలబడి వివరిస్తూ వివరిస్తూనే వెల్లకిల పడినది.

ఆగడమే మొదటి పాఠం. పలకల ముందుకొనలను దగ్గరకు చేర్చి, మడమలను ఎడంగా నెట్టి, లోపలి అంచులు హిమంలోకి దిగేట్లు ఒత్తాలి. పై నుండి చూచిన వారికి బాణపు మొన వలె కనబడుతుంది. మంచును తోసే నాగలిని పోలినందున దీనిని స్నోప్లౌ అంటారు. ఆ భంగిమలోనే కుడికాలిపై బరువు మోపితే ఎడమకు, ఎడమకాలిపై మోపితే కుడికి తిరుగుతాము. వినడానికి ఇంతే. కాని వాలు కనబడగానే శరీరం భయంతో వెనుకకు వాలుతుంది. అప్పుడు పలకల ముందు భాగంపై బరువు తగ్గి, అవి మన మాట వినడం మానివేస్తాయి. భయపడిన కొద్దీ ముందుకు వంగాలన్నది ఈ విద్యలోని కఠిన నియమం. తప్పనిసరి అయితే ప్రక్కకు కూర్చున్నట్లు పడాలి. గట్టిగా మెలిపడినప్పుడు బూటును విడిచిపెట్టే బిగింపులు పలకలకు ఉంటాయి. కాలిని కాపాడేవి అవే గనుక, అద్దెకు తీసుకొనేటప్పుడు వాటిని మన బరువుకు తగినట్లు సరిచేయించుకోవాలి. మేము వెళ్ళిన దుకాణంలో అడిగేదాకా ఎవరూ సరిచేయలేదు.

ఇక మా పెద్ద పొరపాటు. మొదటి దినముననే ఉత్సాహం పట్టలేక తండ్రిగారిని గండోలా రెండవ దశ దాకా తీసుకుపోయాము. గుల్మర్గ్‌లోనే గాలి పీడనం సముద్రమట్టంలోని దానికి సుమారు నాలుగింట మూడు వంతులు. 3,900 మీటర్లు దాటిన ఆ పై మజిలీలో అయిదింట మూడు వంతులకు కొంచెం మించి ఉంటుంది. కొండ కాలినడకన ఎక్కేవానికి శరీరం అలవాటు పడే వ్యవధి ఉంటుంది. తీగపై కూర్చుని పోయేవానికి ఉండదు. పైకి చేరిన అరగంటకు తండ్రిగారికి తలనొప్పి, వాంతి వచ్చినట్లుండుట, మాట మాటకూ ఆయాసం. 'ఏమీ లేదు' అన్నారు. ఉపాధ్యాయ వృత్తిలో 35 ఏళ్ళు గడిపినవారు శిష్యుల ముందు అస్వస్థతను ఒప్పుకోరు గదా! మా తమ్ముడు ఎదురు వాదించక, తనకే తల తిరుగుతున్నదని చెప్పి అందరినీ క్రిందికి దించాడు. ఎత్తు వలన కలిగే అస్వస్థతకు మొదటి చికిత్స దిగుటయే. ఆ సాయంత్రానికి ఆయన తేరుకొన్నారు. రక్తపోటు మందులు వాడేవారు బయలుదేరక ముందే వైద్యుని అడగడం, మొదటి ఒకటి రెండు దినములు మైదానంలోనే గడపడం అవసరం.

మరునాడు మేము ఆయనను కొయ్యబండిపై కూర్చుండబెట్టి త్రిప్పించాలని నిశ్చయించాము. ఆ బండిని లాగడానికి వచ్చిన మనిషి ఇంచుమించు ఆయన ఈడువాడు. మా తండ్రిగారు ఆ మనిషికి కూలి ఇచ్చి, బండి ఎక్కక, అతనితో కలిసి పిల్లల వాలు దాకా నడిచి వెళ్ళారు. అక్కడ మేము తలా ఒక సలహా చెప్పబోతే ఆయనకు కోపం వచ్చినది. చివరకు ఒక కాశ్మీరీ యువ శిక్షకుని కుదిర్చాము. అతడు 'చాచా' అని పిలిచి, చేయి పట్టుకోబోగా, తండ్రిగారు మన దక్కనీలో 'నక్కో' అన్నారు. వద్దని దాని అర్థమని అతనికి తెలియక ఇంకా గట్టిగా పట్టుకొన్నాడు. ఆ నవ్వుతో ఇద్దరికీ స్నేహం కుదిరినది. కన్నబిడ్డల వద్ద ఒక్క మాట పడనివారు పరాయి బిడ్డ వద్ద నలభైసార్లు పడిలేచారు. ఇది మా ఇంటికే పరిమితమైన సంగతి కాదని ఆ యువకుడే చెప్పాడు: కుటుంబాలు వస్తే మొదట పిల్లలను వేరే వాలుకు పంపివేస్తాడట.

ఈ ఊరి బ్రతుకు హిమంపై ఆధారపడినది. డిసెంబరు 21 నుండి నలభై దినముల చిల్లే కలాన్‌లో కురిసినదే గట్టిగా నిలుస్తుంది. 2024 జనవరిలో నెల చివరిదాకా గుల్మర్గ్ వాలులు ఎండుగడ్డితో కనబడినవి. శిక్షకులకు, బండ్లవారికి ఆ దినములు ఎట్లు గడిచినవో ఊహించవచ్చును. అధికంగా కురిసినప్పుడు మరొక ప్రమాదం. 2010 ఫిబ్రవరిలో ఇచ్చటనే హిమపాతం విరుచుకుపడి శిక్షణలో ఉన్న సైనికులు పలువురు మరణించారు. కనుక గుర్తు పెట్టిన వాలులను దాటి పోరాదు.

నాలుగవ దినానికి తండ్రిగారు ఎవరి సహాయం లేక పిల్లల వాలు మొత్తం దిగి, నాగలి భంగిమలో ఆగి నిలిచారు. మా తల్లిగారు మూడు దినములుగా వాలు అంచున ఫెరన్ తొడుక్కొని, కాంగ్డీ ఒడిలో పెట్టుకొని, మా అందరి చేతిసంచులు కాపలా కాస్తున్నారు. చలికి ఓర్వలేరని మేమే అనుకొన్నాము, ఆమెను అడిగినవారు లేరు. ఆ ఉదయం ఆమె శిక్షకుని ప్రక్కకు పిలిచి, తన పాదానికి సరిపోయే బూట్లు దొరుకుతాయా అని మెల్లగా అడిగారు. రెండు దుకాణాలు తిరిగి తెచ్చేసరికి మధ్యాహ్నమైనది. వెలుతురు ఉన్న రెండు గంటలూ ఆమె వాలుపైనే ఉన్నారు. సంచులు మా తండ్రిగారు కాచారు.