పదును తగ్గని పార

పనిముట్టును కొనే రోజున చూడవలసినవి నాలుగు. ప్రతి సాయంత్రం చేయవలసినవి రెండే.

బస్తర్ దక్షిణపు కొసన, జగదల్‌పూర్ నుంచి కొంటాకు పోయే రహదారి మీద ఉన్నది దోర్నపాల్. నేడది సుక్మా జిల్లాలోని ఊరు. ఇనుముకు ఈ సీమలో కొదువ లేదు. బైలదిలా కొండల ఖనిజం 1968 నుంచి విశాఖపట్నం రేవుకు తరలి, అక్కడి నుంచి జపాను చేరుతూ వచ్చింది. అయినా చిన్న రైతు ఇంట ఇనుమంటే ఒక పార, ఒక గునపం, ఒక కొడవలి, ఒక గొడ్డలి.

2005లో మొదలైన సల్వా జుడుం కాలంలో చుట్టుపక్కల పల్లెల వారు అనేకులు ఇళ్ళూ చేలూ విడిచి దోర్నపాల్ శిబిరానికి చేరారు. మరెందరో అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వలసపోయారు. బీడుపడిన నేలను మళ్ళీ సాగుకు తేవాలంటే ముందు పొదలు నరకాలి, వేళ్ళు పెకలించాలి. అటువంటి చోట పార పిడి విరిగితే ఆనాటి పని ఆగినట్టే. పట్టణంలో పెరటితోట పెంచేవారికి అంత ఇక్కట్టు లేకపోవచ్చు గాని, పనిముట్టును ఎంచే పద్ధతి ఇద్దరికీ ఒకటే.

మొదట బరువు చూడాలి. బరువైన పార గట్టినేలను సులువుగా కోస్తుంది. కాని గంట గడిచేసరికి నడుము కుంగుతుంది. నాలుగుసార్లు ఎత్తి చూచి కొనడం మేలు. రెండవది లోహం. మరో ఇనుపముక్కతో తట్టితే ఖంగున మోగాలి. మోగకపోతే లోపల పగులు ఉండవచ్చు. మూడవది పిడి దూర్చే చోటు. రేకు వంచి అతికినది బరువు పనికి నిలవదు. నాలుగవది పిడి. కర్రలోని చారలు పొడవునా సాగాలి. అవి అడ్డం తిరిగిన చోటనే కర్ర విరుగుతుంది. రంగు పూసిన పిడిలో లోపాలు కనబడవు.

పదును పెట్టడంలోనూ మెలకువ అవసరం. కాల్చి నీట ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గాని పెళుసవుతుంది. అందుకే కమ్మరి దానిని మళ్ళీ సన్నని సెగపై పెట్టి, లేత గడ్డిరంగు తేలగానే చల్లారుస్తాడు. ఆ రంగు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడికి గుర్తు. తిరిగే సానపై అంచు నీలిరంగుకు మారేదాకా ఒత్తి పట్టేవారు ఆ పనితనాన్ని చెరుపుతున్నారన్నమాట. ఆకురాయితో నెమ్మదిగా రుద్దితే చాలు.

ఇక సాయంత్రపు పనులు. అంటిన మట్టి తేమను పట్టి ఉంచుతుంది. ఎరువులలోని లవణాలు తుప్పును త్వరపెడతాయి. కనుక మట్టి గీకి, పొడిగుడ్డతో తుడవాలి. ఆపైన పలుచగా నూనె రాయాలి. ఇంట ఉన్న ఏ నూనె అయినా సరే. బస్తర్‌లో ఇప్పగింజల నూనెకు కరువు లేదు. పిడి వదులైతే నీట నానబెట్టడం పలువురికి అలవాటు. ఉబ్బిన కర్ర ఆరిన తరువాత మునుపటికన్నా వదులవుతుంది. చీల కొట్టడమే సరైన మార్గం.

పనిలో ఇనుము అరగక మానదు. అయితే ఆ అరుగుదల ఏళ్ళకు గాని కంటబడదు. తడిసి మూలన పడివున్న పారను పాడుచేయడానికి ఒక్క వానాకాలం చాలు.